సన్యాసులు కాపాడిన విందు

కెల్టుల పురాణాలంటే నాకు తరగని మోజు. అయితే ఐర్లండ్ కథలను రాసిపెట్టింది క్రైస్తవ సన్యాసులు. మిగిలిన ప్రధాన ప్రతుల్లో పాతది క్రీ.శ. 1100 ప్రాంతానిది. మతం మారిన ఆరేడు శతాబ్దాల తర్వాతి రాతలో ప్రాచీనత ఎంత అని పండితుల శంక. నిజమే, ఐర్లండ్ తొలి జనాన్ని బైబిల్లోని నోవహు వంశంతో ముడిపెట్టడం సన్యాసుల అల్లికే. కానీ ఆ ప్రతిలోనే ఉన్న 'బ్రిక్రియు విందు' కథ చూడండి. మేటి వీరుడికి దక్కాల్సిన మాంసభాగం కోసం కూహులిన్, మరో ఇద్దరు వీరులు తలపడతారు. క్రీస్తుకు పూర్వమే గ్రీకు పండితుడు పోసిడోనియస్ కెల్టుల విందుల్లో తొడమాంసం కోసం ప్రాణాలకు తెగించి పోరాడేవారని రాశాడు. సన్యాసులు ఆయన్ని చదివి అల్లారందామా? ఆ వర్ణన మనకు దక్కింది ఎథీనియస్ అనే రచయిత గ్రీకు గ్రంథంలో. ఐర్లండ్ మఠాల చదువు ప్రధానంగా లాటిన్‌లో. కాబట్టి ఈ విందు తగవు పుస్తకాల నుంచి కాక నోటిమాటగానే వచ్చిందని నా నిశ్చితాభిప్రాయం.