చదువరి రచయిత యగు మార్గము



భారత భాగవతములను పదిమార్లు పఠించిన పెద్దలు మన గ్రామములలో పెక్కుమంది కలరు. అయినను, ఊరి చెరువు చరిత్రము నొక పుటలో వ్రాయుడన్నచో వారి కలము కదలదు. రసాస్వాదనముకొఱకు చదువుట వేఱు. రచనారహస్యము నెఱుంగుటకై చదువుట వేఱు. భోక్తకు రుచి తెలియును. పాకము వంటవానికే తెలియును.

ఇందుకు మన ప్రాంతమందే నిదర్శనము కలదు. నాటి విశాఖమండలమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’ను 1897లో ప్రకటించిరి. అంతతో తృప్తి నొందక, దానిని మార్చి, పెంచి, 1909లో మఱల ప్రకటించిరి. నేడు సాధారణముగా జనులు చదువునది యా రెండవ కూర్పే. తన రచనకు తానే కఠినుడైన పాఠకు డగుటయే యిందలి మర్మము.

కావున నొక పుట శ్రద్ధగా చదువుడు. గ్రంథమును మూసి, మఱునాడు ఆ విషయమునే సొంతమాటలతో వ్రాయుడు. పిమ్మట మూలముతో పోల్చుడు. మీరు పది మాటలు వాడినచోట గ్రంథకర్త రెంటితో నెట్లు ముగించెనో తెలియును. ఆ లోపమే మీకు గురువు.

అటుపిమ్మట మీరు కన్నవి, పెద్దలవలన విన్నవి వ్రాయుడు. మీ చెరువును త్రవ్వించిన దెవరో, పొలములకు నీటి వంతు లెట్లేర్పడెనో మీకు తెలియును. మీ మనుమలకు తెలియదు. చదివినది గ్రంథములో నిలుచును. వ్రాయనిది మనతోనే పోవును.