మాతృకయు ప్రతియు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, ఇప్పుడు హైదరాబాదు నగరమున కృష్ణానగరమందు మా కుమారుని యింట కాలక్షేపము చేయుచున్నాను. ఈ పేట సినిమా వేషములకై వచ్చినవారికి పెట్టినది పేరు. ఇచ్చటికి కొలదిదూరమున అమీరుపేటలో, మైత్రీవనము చుట్టునున్న వీధులయందు కంప్యూటరు విద్య గరపు గదులు కోకొల్లలు. మా మనుమడు అందొకచోట 'సీ' యను భాష నేర్చుచున్నాడు. అది మనము మాటలాడు భాష గాదు, యంత్రమునకు ఆజ్ఞలిచ్చునది. 1970వ దశకము మొదట అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు డెన్నిస్ రిచీ యనునాయన దానిని కల్పించెను.

ముదుసలి పంతులున కీ గొడవ యేల యందురేమో. మీ యిండ్ల అటకలమీద తాటాకు కట్టలున్నచో ఈ గొడవ మీదియు నగును.

మా తాతగారు స్వహస్తమున గంటముతో వ్రాసిన వైద్యగ్రంథ మొకటి, 64 ఆకులది, మా యింట నుండెడిది. నాలుగేండ్ల క్రిందట ఆకులన్నిటికిని ఛాయాచిత్రములు తీయించి, వానిని చూచుచు 41 ఆకుల పాఠమును కంప్యూటరున కెక్కించితిని. తరువాతి వానకాలమున ఊరి యింటి కప్పు కారి ఆకులు కుళ్లిపోయినవి. ఇక చిత్రములే మాతృక.

మనుమడు ఫైళ్లకు ప్రతి దింపు ప్రోగ్రామును తానే కూర్చి, "తాతయ్యా, మనవన్నియు దీనితోనే దింపెదను" అనెను. దింపిన పిమ్మట నా పాఠము తెరచి చూచితిమి. ఒక్క యొత్తైనను పోలేదు. "చిత్రములును వచ్చియుండును. కార్డు తుడిచి పెండ్లివారి కిమ్ము" అంటిని. ఆ మాట నాదే. నెల గడచి తెరవగా చిత్రముల ఫైళ్లన్నియు వట్టివి! పేర్లు గలవు, లోపల నేమియు లేదు. 23 ఆకుల యోగములు పోయినవి.

కారణము గ్రహించుటకు నాకు వారము పట్టినది. ఫైలనగా 0 మొదలు 255 వరకు గల సంఖ్యల వరుస; ఒక్కొక్క సంఖ్యకు బైటని పేరు. యూటీఎఫ్-8 అను పద్ధతిని మన 'అ' కారము 224, 176, 133 అను మూడు బైట్లుగా నుండును. ప్రోగ్రాము ఒక్కొక్క బైటును చదివి దింపుచు పోగా, అన్నియు తీరినప్పుడు ముగింపు సంకేతము వచ్చును. మా యంత్రమున నది -1. బైట్లు 256 విధములు, సంకేతముతో 257. 'చార్' అను పాత్రలో 256 గుర్తులకే చోటు. అందు పోసినచో 255కును -1కును భేదము పోవును. 'ఇంట్' అను పెద్దపాత్ర వలయును. మావాడు చిన్నదానినే వాడెను. జేపెగ్ తరగతి చిత్రములకెల్ల మొదటి బైటే 255! శ్రీకారము చుట్టగనే మంగళము పాడినట్లాయెను. ఆ పద్ధతి తెలుగు వ్రాతలో 255 ఎన్నడును రాదు. కావుననే పాఠము నిక్షేపముగా వచ్చి మమ్ము నమ్మించినది.

పాత్ర మార్చి వేరొక చిత్రమును దింపగా అదియు నడుమనే ఆగెను. విండోసు వ్యవస్థయందు ఫైలును వ్రాతగా తెరచుట వేరు, వట్టి బైట్లుగా తెరచుట వేరు. వ్రాతగా తెరచినచో 26 కనబడినచోటనే ముగిసినదని యెంచును. వ్రాయునప్పుడు 10ని పంక్తి మార్పుగా తలచి 13, 10 అని రెండు చేయును. పూర్వము సీపీఎం అను వ్యవస్థలో ఫైళ్లను 128 బైట్ల కట్టలుగానే లెక్కించెడివారు; కడపటి కట్ట నిండనిచో వ్రాత ముగిసినచోట 26 నుంచెడివారు. ఆ వ్యవస్థ పోయినను ఆ మర్యాద నిలిచినది. 'ఆర్‌బీ', 'డబ్ల్యూబీ' అని తెరచినచో ఈ దిద్దుబాటు లుండవు. రిచీగారు పనిచేసిన యూనిక్సున ఈ భేదమే లేదు.

తాటాకు వ్రాయసకాండ్రలోను ఇట్లే రెండు తెగలుండిరి: అర్థము తెలియక ఉన్నదున్నట్లు గీయువాడు, తెలిసితినని దిద్దువాడు. పరిష్కర్తలకు రెండవవానితోడనే చిక్కు. బ్రౌనుదొర 19వ శతాబ్దమున కడపలో పండితులకు తానే జీతములిచ్చి, పెక్కు ప్రతులు తెప్పించి సరిపోల్చించినది ఇందులకే. ఇది బడిలో పిల్లలకు చెప్పిన నేనే సరిచూడక పోయితిని.

మాతృకను, ప్రతిని బైటు బైటుగా సరిచూచు ప్రోగ్రామును కూడ మనుమడిప్పుడు కూర్చినాడు. మిగిలిన 41 ఆకుల పాఠమునకు మూడు ప్రతులు చేసి, ఒకటి ఊరికి పంపితిమి. 42వ ఆకున మొదటి యోగము జ్వరమునకు. దానిలో మూడు దినుసులు నాకు జ్ఞాపకము గలవు. నాలుగవది యెంత తలచినను రాదు.