వెళ్ళే ముందు ఒకసారి చుట్టి రండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నాకు పది నిమిషాలిచ్చి, న్యూజిలాండ్‌లో నా అనుభవాలు చెప్పమన్నారు. పదహారేళ్ళు పది నిమిషాల్లో పట్టవు. అందుకని ఆఖరి పన్నెండు రోజుల సంగతే చెబుతాను.

2008లో మేం వెల్లింగ్టన్ పక్కనున్న లోయర్ హట్‌లో కాపురం పెట్టాం. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు. 2024 మొదట్లో తిరిగి వచ్చేశాం. ఇక్కడ అమ్మకి ఎనభై రెండేళ్ళు, ఒంటరిగా ఉంటోంది. కారణం అంతే. మా అమ్మాయికి మాత్రం డునెడిన్‌లోని ఒటాగో యూనివర్సిటీలో సీటొచ్చింది. 1869లో పెట్టిన ఆ యూనివర్సిటీ ఆ దేశంలో అన్నిటికంటే పాతది. తను అక్కడే ఉండాలని, మేం రావాలని తేలింది. ఇల్లు ఖాళీ చేస్తుండగా ఒక రాత్రి అట్టపెట్టెల మధ్య కూర్చుని మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మీరు ఇంటికెళ్తున్నాం అంటున్నారు. మరి ఇన్నాళ్ళూ నేనున్నది ఏంటి?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడే అంది: "ఈ దేశం పిల్లని పెంచి ఇచ్చింది. చెప్పకుండా పోతే ఎట్లా? ఒకసారి చుట్టి, దాన్ని కాలేజీలో దింపి, అప్పుడు విమానం ఎక్కుదాం." అలా ఒక క్యాంపర్‌వ్యాన్ అద్దెకి తీసుకున్నాం.

క్యాంపర్‌వ్యాన్ అంటే పిల్లలకి చెప్పాలి. మన టెంపో ట్రావెలర్ అంత బండి. లోపల గ్యాస్ స్టవ్, సింకు, చిన్న ఫ్రిజ్, పడుకోవడానికి పరుపులు, ఒక మూల బాత్రూం ఉంటాయి. ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకుంటామంటే అక్కడ కుదరదు. చాలాచోట్ల రాత్రికి ఉండాలంటే బండికి ఒక సర్టిఫికెట్ కావాలి. కొత్త నీళ్ళు పట్టకుండా, వాడిన నీళ్ళు ఎక్కడా పారబోయకుండా మూడు రోజులు గడపగల ఏర్పాటు ఆ బండిలో ఉందని దాని అర్థం. పప్పు గిన్నె కడిగిన నీళ్ళు కూడా నేలమీద పోయకూడదు. అవి ఇంకో ట్యాంకులోకి వెళ్తాయి. ఊరూరా డంప్ స్టేషన్లు ఉంటాయి. అక్కడికి వెళ్ళి ఆ ట్యాంకూ, మరుగుదొడ్డి పెట్టే మన చేత్తోనే ఖాళీ చేసి కడుక్కోవాలి. ఆ ఉద్యోగం నాకు పడింది. "ఇన్నేళ్ళకి నాన్నకి సరైన ప్రమోషన్ వచ్చింది" అని మా అమ్మాయి నవ్వింది.

వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కి ఓడలో మూడున్నర గంటలు. బండితో సహా ఎక్కాం. అక్కడి నుంచి సముద్రం పక్కనే కైకోరా వరకు రోడ్డు. 2016 నవంబరు 14న అర్ధరాత్రి దాటిన రెండు నిమిషాలకి అక్కడ 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రాత్రి వెల్లింగ్టన్ వైపు కూడా ఊగిపోయింది. మా అమ్మాయి భోజనాల బల్ల కింద దూరి, స్కూల్లో నేర్పినట్టే బల్ల కాలు పట్టుకుని, మమ్మల్ని కూడా రమ్మని కేకలు పెట్టింది. పదేళ్ళ పిల్ల మాకు జాగ్రత్తలు చెప్పింది. కొండచరియలు పడి మూసుకుపోయిన ఆ రోడ్డుని 2017 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. ఆ భూకంపానికి సముద్రపు అడుగు పైకి లేచి, ఒకప్పుడు నీళ్ళలో ఉన్న రాళ్ళు ఇప్పుడు ఒడ్డున ఎండుతున్నాయి. బండి ఆపి ముగ్గురం వాటి మీద కూర్చుని టీ తాగాం. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

క్రైస్ట్‌చర్చ్ దాటి లోపలికి వెళ్తే టెకాపో సరస్సు. హిమానీనదాలు నూరిన రాతిపిండి కలవడం వల్ల ఆ నీళ్ళకి పాలు కలిపిన నీలం రంగు వచ్చింది. ఇంకా ముందుకెళ్తే ఆవొరాకి, అంటే మౌంట్ కుక్. ఎత్తు 3,724 మీటర్లు. ఎవరెస్టు మొదట ఎక్కిందెవరు అని సోషల్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్న వచ్చేది, గుర్తుందా? ఆ హిల్లరీ 1948లో ఈ కొండ దక్షిణపు శిఖరరేఖ మీదుగా మొదటిసారి ఎక్కినవాళ్ళలో ఒకడు. వాళ్ళ ఐదు డాలర్ల నోటు మీద హిల్లరీ బొమ్మ, పక్కనే ఈ కొండ ఉంటాయి. ఖర్చుపెట్టకుండా ఒక నోటు దాచి తెచ్చాను. ఇవాళ మన సోషల్ మాస్టారికి ఇచ్చాను.

టెకాపో చుట్టుపక్కల ప్రాంతాన్ని 2012లో చీకటి ఆకాశపు రిజర్వుగా ప్రకటించారు. దీపాలు తక్కువ, చుక్కలు ఎక్కువ. అక్కడ ధ్రువ నక్షత్రం కనబడదు. సప్తర్షులూ కనబడరు కాబట్టి అరుంధతీ లేదు. మన పురోహితులు పగలే చూపిస్తారు కనుక పెళ్ళిళ్ళకి ఇబ్బంది లేదనుకోండి. గొల్లకావడి మాత్రం కనిపిస్తుంది, తలకిందులుగా. వాళ్ళు దాన్ని గిన్నె అంటారు. ఆ రాత్రి నేను గొల్లకావడి చూపించి, "చూడు, ఇక్కడ తలకిందులు" అన్నాను. మా అమ్మాయి అంది: "లేదు నాన్నా. ఇది తిన్నగానే ఉంది. అమ్మమ్మ వాళ్ళ మేడ మీద చూసినప్పుడు నాకు తలకిందులుగా కనిపించింది."

పెట్టెల మధ్య అడిగిన ప్రశ్నకి జవాబు తనే చెప్పుకుంది. చుక్కలు నాకు ఇక్కడ తిన్నగా ఉంటాయి, తనకి అక్కడ. అందులో ఎవరి తప్పూ లేదు.

మొయెరాకి దగ్గర సముద్రపు ఒడ్డున గుండ్రటి రాళ్ళు చూసుకుంటూ పదో రోజుకి డునెడిన్ చేరాం. హాస్టల్ గదిలో సామాను సర్ది, ఆవకాయ సీసా అలమర మీద పెట్టి బయటికొచ్చాం. మావోరీ భాషలో సెలవు తీసుకోవడానికి రెండు వేరువేరు మాటలున్నాయి. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో "హయెరె రా" అంటారు. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో "ఎ నొహొ రా" అంటారు. మన దగ్గర అప్పగింతలంటే కూతురు వెళ్తుంది, అమ్మానాన్నలు గుమ్మంలో నిలబడతారు. ఆ రోజు గుమ్మంలో నిలబడింది మా అమ్మాయి. "హయెరె రా" అంది. నేను నా వంతు మాట చెప్పాను. మా ఆవిడ మాత్రం తెలుగులోనే "వెళ్ళొస్తామే" అంది. మన భాషలో వెళ్తాను అని ఊరుకోం, వస్తాననీ చెబుతాం. ఆ మాట విన్నాకే పిల్ల ఏడ్చింది.

క్రైస్ట్‌చర్చ్‌కి తిరిగి వచ్చి, ట్యాంకులు ఖాళీ చేసి, నేల తుడిచి, బండి అప్పగించాం. తాళాలు తీసుకున్న కుర్రాడు లోపలికి తొంగిచూసి సంతోషించాడు. వెళ్ళేచోటికి ఏం తీసుకెళ్ళాలో మనకి అందరూ చెబుతారు. వదిలేచోటుని ఎలా వదలాలో ఆ బండి నాకు నేర్పింది. వాడుకున్నది కడిగి, మన చెత్త మనమే ఎత్తి, చెప్పవలసినవాళ్ళకి చెప్పి రావాలి.

పదో తరగతి పిల్లలూ, పరీక్షలయ్యాక మీరు ఇంటరుకని, పాలిటెక్నిక్‌కని ఈ ఊరు దాటుతారు. ఆఖరి పరీక్ష రాసిన హడావుడిలో బస్సెక్కేయకండి. ఒక్క పూట ఆగండి. గదులన్నీ ఒకసారి తిరగండి. మీ బెంచీ మీరే తుడవండి. మధ్యాహ్నం అన్నం వండి పెట్టిన ఆయమ్మకి, గంట కొట్టే అటెండరుకి, మాస్టార్లకి పేరుపేరునా చెప్పండి. వెళ్తున్నామని కాదు, వెళ్ళొస్తామని చెప్పండి. చెప్పారు కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు వస్తారు.