వినేది చెవియా, మెదడా?

మాకు వచ్చే ఉత్తరములలో వయసు మళ్ళిన శ్రోతలు తరచుగా వ్రాసే మాట ఒకటున్నది: "మీ గొంతు వినబడుతూనే ఉన్నది, మాట మాత్రము తెలియడము లేదు." మొదట్లో మేము ఆ దోషమును మా ఉచ్చారణకో, యంత్రములకో అంటగట్టి సరిపెట్టుకొన్నాము. ధ్వని చెవినుండి మెదడుదాకా సాగే తీరును కొంత తెలుసుకొన్న తరువాత, ఆ వాక్యములో ఎంత నిజమున్నదో మాకు బోధపడినది. వినబడడము వేరు, వినడము వేరు.

శబ్దమంటే గాలిలో పుట్టే కదలిక. అది చెవిలో ప్రవేశించి కర్ణభేరిని కంపింపజేస్తుంది. కర్ణభేరి వెనుక మూడు చిన్న ఎముకలు గొలుసుకట్టుగా అమరి ఉన్నవి. వాటిలో చివరిది మన శరీరములోని ఎముకలన్నిటిలోకి చిన్నది. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. అది ఆ కంపనమును లోపలి చెవిలోని ద్రవమునకు అందిస్తుంది. అక్కడ నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన గొట్టము, దాని పొడవునా ఒక పలుచని పొర, ఆ పొరమీద సుమారు 15,000 రోమకణములు ఉన్నవి.

హంగరీ దేశములో జన్మించిన బెకెషి అనే శాస్త్రజ్ఞుడు బుడాపెస్ట్ నగరములో తపాలాశాఖ పరిశోధనాలయములో పనిచేస్తూ, టెలిఫోను మేలు కోసము చెవిని పరిశీలింపసాగినారు. ధ్వని ఆ పొరమీద అలవలె సాగుతుందనీ, తారధ్వని గొట్టము మొదట్లోను, మంద్రధ్వని చివరను హెచ్చుగా కదలిక పుట్టిస్తుందనీ చూపి 1961లో నోబెల్ బహుమానము పొందినారు. వీణపై మెట్టు మారితే స్వరము మారినట్లు, ఇక్కడ చోటు మారితే శ్రుతి మారుతుంది. కదిలిన రోమకణములు విద్యుత్సంకేతములను పుట్టిస్తాయి. నాడి వాటిని మెదడుకు చేరవేస్తుంది. అంతటితో చెవి పని తీరిపోయినది.

ఇక మెదడు వంతు. పురుషుల కంఠములో మూలధ్వని సెకనుకు సుమారు 120 కంపనములు. అరచేతిలో ఇమిడే ట్రాన్సిస్టరు అంత మంద్రధ్వనిని సరిగా పలికించలేదు. అయినను మీకు అది పురుషకంఠముగానే వినబడుతుంది. దానితోపాటు పుట్టిన పై ధ్వనులనుబట్టి, అందని మూలమును మెదడే పూరించుకొంటుంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే అమెరికా పరిశోధకుడు ఒక వాక్యములో ఒక ధ్వనిని తుడిచివేసి, ఆ చోట దగ్గును చేర్చి వినిపించినాడు. విన్నవారిలో ఇంచుమించు అందరూ మాట పూర్తిగానే వినబడినదన్నారు. ఉరుముల రాత్రి గరగరల నడుమ మా వార్తలు మీకు తెలియడములోను ఈ ఉపకారమే ఉన్నది.

అయితే పూరించడానికి మెదడుకు కొంత ఆధారము కావాలి. వయసుతో ముందుగా దెబ్బతినేవి తారధ్వనులను పట్టే రోమకణములు. అచ్చులు బలమైనవి, వాటి ధ్వని మంద్రము. క, చ, త, ప, స వంటి హల్లులను గుర్తింపజేసేవి బలహీనమైన తారధ్వనులు. కాబట్టి "పాలు" అన్నా, "చాలు" అన్నా తాతగారికి ఒక్కతీరుగానే తోస్తుంది. అరచి చెప్పితే అచ్చులే పెరుగుతాయి, హల్లు తేలదు. అరుపు మాత్రము ఆయన చెవికి బాధ కలిగిస్తుంది. అదే సమయములో ఇంటిలో నలుగురూ మాట్లాడుతుంటే, ఊహకు ఉన్న ఆధారము కూడా పోతుంది.

మనిషి చెవిలో నశించిన రోమకణములు మరల పుట్టవు. పెనుమ్రోత వయసులో ఉన్నవారి కణములను సైతము చంపుతుంది. కనుక రేడియోను గాని, చెవికి తగిలించుకొనే సాధనములను గాని తగ్గుస్థాయిలోనే వినండి.

ఇంటిలోని పెద్దవారికి చెముడని విసుగుకొనే ముందు, వారి ఎదుట కూర్చుండి, ముఖము కనబడేటట్లు, నిదానముగా చెప్పి చూడండి. వైద్యునికి చూపించి, అవసరమైతే వినికిడి యంత్రము అమర్పించండి. మా వంతుగా మేము వాక్యమునకు వాక్యమునకు నడుమ ఊపిరి తీసుకొని చదవడము అలవరచుకొన్నాము. మీరు వారితో మాట్లాడేటప్పుడు రేడియో మ్రోగుతూ ఉంటే, దయచేసి ఆపివేయండి. అప్పుడు వస్తున్నది మా ప్రసంగమే అయినా, మేమేమీ అనుకోము.