పల్నాటిని పైనుండి చూద్దాము



ఈ మాటలను మీ యింటికి మోసుకొని వచ్చేది రేడియో తరంగము. ఆ జాతిలోనిదే మరియొక తరంగము, నేలమీద నిలిచిన మనిషి చేతి కదలికను ఆకాశములోని ఒక చిన్న విమానమునకు అందజేస్తుంది. ఆ విమానము కడుపులో కెమెరా అమర్చి మన పల్నాటి నేలను పైనుండి ఛాయాచిత్రము తీయుట ఎందుకో, ఎట్లో నేడు మనవి చేస్తాను.

ఎందుకో ముందు చెప్పుకొందాము. మాచర్లకు చేరువనే, కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండ లోయ ఉండేది. క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది అక్కడనే. ఆ శిథిలములను 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించినారు. అటుపైన లాంగ్‌హర్‌స్ట్, రామచంద్రన్ త్రవ్వకములు జరిపినారు. సాగరు జలాశయములో లోయ మునిగిపోవునని తేలిన మీదట 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున పెద్ద యెత్తున త్రవ్వకములు సాగినవి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలినారు. మన పైరులకు ఆ నీరే ప్రాణము. కాని దాని వెల కూడా తెలిసి ఉండవలెను.

అక్కడి మహాచైత్యపు పునాది బండిచక్రము వలె ఉంటుంది. నడుమనుండి అంచు వరకు ఆకుల వలె గోడలు సాగినవి. గోడల సందులను మట్టితో నింపినారు. నేలమీద నడిచేవానికి అవి తెగిపోయిన ఇటుక గోడలు. పైనుండి చూచినవానికి అది చక్రము. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని విప్పి కొండమీదను, అనుపులోను తిరిగి నిలిపినారు. కొండ ద్వీపమైనది, లోయ నీటి అడుగున ఉన్నది. మరుగుపడబోయే దానిని మరుగుపడక ముందే చూచి పెట్టుకోవలెనని ఆ లోయను తలచినప్పుడెల్ల నాకు తోస్తుంది.

పైనుండి చూడవలెనన్న కోరిక పాతదే. 1888లో ఫ్రాన్సు దేశమున ఆర్థర్ బతూ అనే ఆయన గాలిపటమునకు కెమెరా కట్టి చిత్రములు తీసినాడు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకుండ, రేడియోతో నడిపి చూపినాడు. ఈ రెండు ముచ్చటలను ఒకచోట చేర్చినదే మన విమానము.

ఇక దాని నిర్మాణము. రెక్కల కొన నుండి కొనకు ఒకటిన్నర మీటరు, రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, మొత్తము బరువు కిలో పైన ఒక పావు. ఇది చాలును. థర్మోకోలు వంటి తేలిక పలకను కోసి రెక్క చేసి, నడుమ వెదురు బద్ద గాని కార్బను కడ్డీ గాని వెన్నెముకగా పెట్టవలెను. జిగురు విషయమున జాగ్రత్త. కొన్ని జిగురులు థర్మోకోలును కరిగించివేస్తాయి. ముందు చిన్న ముక్క మీద రాచి చూడండి. ముక్కున విద్యుత్ మోటారు, దాని వెనుక లిథియం బ్యాటరీ. తోక మీద, రెక్కల అంచున ఉండే తలుపు రెక్కలను సర్వోలనే చిన్న యంత్రములు త్రిప్పుతాయి. వాటికి ఆజ్ఞ యిచ్చేది రిసీవరు.

ఆ రిసీవరు వినే తరంగము సెకనుకు 240 కోట్ల సార్లు ఊగుతుంది. మధ్యతరంగ ప్రసారములలో ఒక తరంగము పొడవు వందల మీటర్లు. దీని పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. అందుచేత దీని ఏరియల్ మూడు సెంటీమీటర్ల తీగ. అయితే ఇంత పొట్టి తరంగము దాదాపు తిన్నగానే పోతుంది. నడుమ గుట్ట అడ్డు వచ్చినచో మాట అందదు. మాట అందనప్పుడు మోటారు దానంతట అదే ఆగిపోయేటట్లు ముందే అమర్చి, నేలమీదనే పరీక్షించవలెను.

అన్నిటికన్న ముఖ్యము తూకము. రెక్క ముందంచునుండి అయిదారు సెంటీమీటర్ల చోట రెండు వ్రేళ్లమీద నిలిపితే విమానము సమముగా గాని, కొంచెము ముక్కు వంచి గాని నిలువవలెను. నా మొదటి విమానమును నేను ఇట్లే తూచినాను. పిమ్మట కెమెరాను తోక వైపు కట్టి, మరల తూచకనే వదలినాను. అది నిక్కుగా లేచి, వేగము చచ్చి, ప్రక్కకు ఒరిగి, పత్తి చేనులో పడినది. చేను గల పెద్దాయన ముక్కలు ఏరి యిస్తూ, “కావడి రెండు పక్కలా చూసుకోకుండా భుజానికెత్తుకుంటారటయ్యా?” అన్నాడు. ఏ పుస్తకమూ నాకు అంత సూటిగా చెప్పలేదు.

ఛాయాచిత్రమునకు విమానము మెల్లగా, నిలకడగా పోవలెను. సెకనుకు 12 మీటర్ల వేగమున పోయేటప్పుడు కెమెరా కన్ను సెకనులో నూరవ వంతు తెరచి ఉంటే, అంతలో విమానము 12 సెంటీమీటర్లు జరుగుతుంది, చిత్రము అలుక్కొనిపోతుంది. వెయ్యవ వంతు అయితే జరిగేది ఒక సెంటీమీటరు పైచిల్లరయే. 60 డిగ్రీల కోణమున చూచే కెమెరాకు, 100 మీటర్ల ఎత్తునుండి 115 మీటర్ల వెడల్పు నేల కనబడుతుంది. ఒక చిత్రములో సగమునకు మించిన భాగము తరువాతి చిత్రములో కూడా పడేటట్లు తీస్తేనే అన్నిటినీ కలిపి పటము చేయవచ్చును.

వేళ ఉదయమే మంచిది. గాలి నిలకడగా ఉంటుంది. ఏటవాలు ఎండలో చిన్న గట్టు కూడా నీడ పరచి తన ఉనికి చెబుతుంది. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి మధ్యాహ్నము సంగతి చెప్పనక్కరలేదు. వేడి గాలి పలుచనై రెక్కకు ఊతము తగ్గుతుంది, బ్యాటరీకి చేటు.

రెండవ విమానము చక్కగా ఎగిరినది. మా ఊరి చిత్రములో మిరప కల్లములు ఎర్రని దుప్పట్లు పరచినట్లున్నవి. చెరువు కట్ట విల్లు వలె వంగి ఉన్నది. కాని నా చూపు నిలిచినది వేరొక చోట. నల్లరేగడి చేలకు అడ్డముగా, వంకర తిరిగి, ముదురు పచ్చని పట్టీ ఒకటి చెరువు దాక పోయినది. పూడిపోయిన పల్లము తేమను ఎక్కువ కాలము పట్టి ఉంచుతుంది. దానిమీది పైరు చివరిదాక పచ్చగా ఉంటుంది. పూడిన గోడ మీది పైరు ముందుగా వాడుతుంది. ఇంగ్లండులో క్రాఫర్డ్ అనే పండితుడు 1920ల నాడు ఇట్టి జాడలను బట్టియే పాత కట్టడముల ఆనవాళ్లు పట్టినాడు. మా ఊరి పట్టీ, వాగు పాత దారి వలె తోచినది. ఆ దారిమీదనే ఇండ్ల స్థలములకు రాళ్లు పాతి ఉన్నారు.

చిత్రమును రచ్చబండ దగ్గర చూపినాను. “మా తాత ఇక్కడ వాగు దాటేవాడినని చెప్పేవాడు” అన్నాడు ఒక వృద్ధుడు. “స్థలము కొన్నవాళ్లము మేమేమి కావాలి?” అన్నాడు ఒక యువకుడు. రెండు మాటలూ న్యాయమైనవే. చిత్రము సాక్ష్యము మాత్రమే, తీర్పు కాదు. పాత సర్వే పటముతో సరిచూచి, నేలమీద మట్టము కొలిచి అప్పుడు మాట్లాడవలెను. అయితే వాన వచ్చినాక నీటిని అడుగుటకన్న, రాకముందు చిత్రమును అడుగుట మేలు గదా! కొలతలు మొదలైనవి. ఇల్లు మాత్రము ఇంకా ఎవరూ కట్టలేదు.

కొన్ని కట్టుబాట్లు మరువరాదు. 2021 డ్రోన్ నియమావళి ననుసరించి, పచ్చ మండలముగా చూపిన చోట 400 అడుగుల, అనగా సుమారు 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. ఎగురవేయు ముందు పౌర విమానయాన శాఖ వారి గగనతల పటమును, మీ విమానపు బరువునకు వర్తించే నియమములను చూచుకొనండి. ఆనకట్టల వద్ద, రక్షిత కట్టడముల వద్ద అనుమతి లేక తలపెట్టకండి. జనము తలలమీదుగా పోనీయకండి. పొరుగువారి పెరడు మన చిత్రమునకు వస్తువు కాదు. విమానము కంటికి కనబడినంత మేరలోనే ఉండవలెను.

మీ పిల్లలలో ఎవరైనా గాలిపటమునకు సూత్రము కట్టుటలో నేర్పరులైతే, వారికి ఈ పని అప్పగించండి. పెద్దలు ప్రక్కన నిలువండి. తీసిన ప్రతి చిత్రము వెనుక ఊరి పేరు, తేదీ, ఎత్తు వ్రాసి భద్రపరచండి. అదే చోట మరుసటి యేడు అదే నెలలో మరల తీయండి. రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి ఇంటిల్లిపాది చూడండి. ఏ గట్టు పోయినదో, ఏ కుంట పూడినదో పిల్లలే ముందుగా చూపుతారు.