నూతిలో తగిలిన రాయి



పొందూరులో మా పెరటి నూయి ఒక వేసవిని ఎండిపోయినది. లోతు చేయింపగా మొదట మొరమును, దాని క్రింద గునపమునకు లొంగని రాయియు తగిలినవి. ఇంకను క్రిందికి పోయిన నీరు పడకపోదని కొందఱనిరి. వారి మాట విని, సొమ్ము వ్యయపఱచి, పొడిరాతినే చూచితిని. ఆ రాతి పుట్టుక ముందే యెఱిగియుండిన ఆ సొమ్ము మిగిలెడిది. దానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

భూమి లోపలంతయు నిప్పుల ద్రవమని పలువురు తలంతురు. అది నిజము కాదు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వఱకు చాలభాగము గట్టిరాయియే. పైబరువు తగ్గినచోటను, నీరు చేరినచోటను, వేడి మిక్కుటమైనచోటను మాత్రమే అది కొంత కరగును. ఈ శిలాద్రవమునే మాగ్మా అందురు. చుట్టునున్న రాతికంటె సాధారణముగా తేలికయగుటచే అది సందులు వెదకికొని మీదికి వచ్చును.

నేలమీదికి పొర్లినదానికి లావా అని పేరు. అది శీఘ్రముగా చల్లారుటచే దాని పలుకులు కంటికి ఆనవు. రాజమహేంద్రవరము దగ్గఱ కాటేరులోను, గోదావరి కావలియొడ్డున పంగిడి ప్రాంతమునను గల నల్లరాయి యిట్టిదే. సుమారు 6.5 కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి దిక్కున వెడలిన లావా, పురాతన నదుల లోయల వెంబడి దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించి అచ్చటికి చేరినదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

లోతుననే నిలిచిపోయిన ద్రవము సంగతి వేఱు. మీదనున్న రాయి దుప్పటివలె కప్పి వేడిని పోనీయదు. చల్లారుటకు వేలు, లక్షల యేండ్లు పట్టును. చక్కెర పాకమును త్రిప్పుచు వేగముగా చల్లార్చిన పొడియగును. కదపక మెల్లగా ఆఱనిచ్చిన కలకండ పలుకులు కట్టును. రాయియు నంతే. గ్రానైటులోని తెల్లని, నల్లని పలుకులు అట్లు పెరిగినవే.

మన తూర్పుకనుమల రాళ్లన్నియు శిలాద్రవమునుండి పుట్టలేదు. కొన్ని పూర్వము బురదయు నిసుకయు. అవి లోతునకు దిగి, సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట తీవ్రమైన వేడికి మాఱిపోయినవి. ఖొండలైటు అట్టిది, ఈ కొండలలోని ఖోండు జాతివారి పేరే దానికి పెట్టిరి. ఎట్లు పుట్టినను, లోతున తయారైన రాతి పలుకులు ఒకదానితో నొకటి పెనవేసికొనును. మన పొందూరు సన్నఖద్దరులోనైనను పడుగు పేకల నడుమ సందుండును. ఈ పలుకుల నడుమ నీరు నిలుచు సందు లేదు.

మఱి రాతినేలలో నూతులకు నీరెట్లు వచ్చును? మీది బరువు కోట్ల యేండ్లలో కొట్టుకొనిపోగా లోతురాయి పైకి తేలి నెఱ్ఱెలు విచ్చును. ఎండవానలకు దాని పైభాగము చివికి మొరమగును. నీరు ఆ మొరములోను, ఆ నెఱ్ఱెలలోను మాత్రమే నిలుచును. లోతునకు పోయినకొలది నెఱ్ఱెలు అరుదగును.

కావున, పెద్దలారా, గట్టిరాయి తగిలినపుడు పంతము పట్టకుడు. నెఱ్ఱె యెచ్చట నున్నదో తెలిసినవారిచే ముందు పరీక్ష చేయింపుడు. మొరములోనికి వాననీటిని దింపునది చెఱువు. దాని పూడిక తీయించిన చుట్టునున్న నూతులకు మేలు. నా నూయి నేటికిని పొడిగానే యున్నది. మీ గ్రామమున అట్లు కాకుండుగాక.