కట్ట మీద బాట అందరిదీ

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో మా అమ్మల కాలం ఆడవాళ్ళకు ‘వాకింగ్’ అనే మాటతో పని లేకపోయింది. బావికి, చేనుకు, సంతకు అంతా నడకే గదా! ఇప్పుడు నీళ్ళు నల్లాలో వస్తున్నాయి, పిండి గిర్నీ ఇంటి దగ్గరే ఉంది. అందుకే డాక్టరుగారు మందులతోపాటు నడక కూడా చీటీ మీద రాస్తున్నారు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట కానీయండి, మహబూబ్‌నగర్ పెద్దచెరువు కట్ట కానీయండి, మన ఊరి చెరువు కట్టే కానీయండి, నడవాలనుకున్నవాళ్ళకు మొదట గుర్తుకొచ్చేది అదే. అయితే నడిచేవాళ్ళు, సైకిళ్ళు తొక్కే పిల్లలు, పాల క్యాన్ల బండ్లు, మేతకు పోయే బర్రెలు – అందరికీ బాట ఒక్కటే.

పోయిన ఏడాది మా అత్తమ్మకు జరిగిన సంగతి చెబుతాను. ఆమెకు డెబ్బై దాటాయి. రోజూ తన ఈడు వాళ్ళతో మాట్లాడుకుంటూ మా ఊరి కట్ట మీద నడిచేది. ఒకనాడు వెనుక నుంచి ఒక పిల్లవాడు సైకిలు మీద వేగంగా వచ్చి, రెండు బారల దూరంలో టింగుమని బెల్లు కొట్టాడు. ఆమె ఉలిక్కిపడి పక్కకు జరిగింది, సైకిలు వచ్చే పక్కకే! కింద పడుతూ చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. ఆ పిల్లవాడు ఏడుపు మొహం పెట్టి, “బెల్లు కొట్టిన గదా ఆంటీ!” అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. బెల్లు కొడితే తన పని అయిపోయిందనుకున్నాడు. మనం పిల్లలకు నేర్పింది అంతే మరి! బెల్లు అంటే ‘తప్పుకో’ అని ఆజ్ఞ కాదు, ‘నేను వస్తున్నాను’ అని కబురు. పది బారల దూరంలోనే కొట్టాలి. ఎదుటి మనిషి విని, చూసి, జరిగేదాకా బ్రేకు మీద చెయ్యి ఉండాలి. వినికిడి తగ్గినవాళ్ళు జరగకపోతే, దిగి నడిపించుకుంటూ దాటిపోవాలి. “అవ్వా, కుడిపక్క నుంచి పోతున్న” అని ఒక్క మాట అంటే ఇంకా మంచిది. ఇంగ్లండులో 2022లో రోడ్డు నియమాలను సవరించినప్పుడు, ఎవరివల్ల ఎక్కువ హాని జరిగే వీలుందో వారిదే ఎక్కువ బాధ్యత అని రాసుకున్నారు. సైకిలు కంటే మోటారుది, మనిషి కంటే సైకిలుది బాధ్యత ఎక్కువ. ఇది మన ఇంగితానికీ అందే మాటే.

ఇక మన తప్పులూ చూసుకుందాం. నలుగురం చేతులు పట్టుకుని బాట నిండా నడుస్తాం. చెవుల్లో ఫోను పాటలు పెట్టుకుంటాం. చంటిపిల్లను వదిలేసి కబుర్లలో పడతాం. కట్ట మీద ఇద్దరికి మించకుండా ఎడమ పక్కన నడిస్తే, సైకిళ్ళు కుడిపక్క నుంచి దాటిపోతాయి. ఆగి మాట్లాడాలంటే అంచుకు జరగాలి. కట్ట దిగి బండ్లు తిరిగే రోడ్డెక్కితే మాత్రం పద్ధతి వేరు. ఫుట్‌పాత్ లేనిచోట కుడి అంచున, ఎదురుగా వచ్చే బండి కళ్ళకు కనబడేటట్టు నడవాలి. చీకటితో బయలుదేరేవారు తెల్లని బట్టలు కట్టుకుని, చేతిలో టార్చి పట్టుకోవాలి. సైకిలు తొక్కే ఆడపిల్లలు చున్నీ నడుముకు బిగించి కట్టుకోవాలి.

లైసెన్సు ఈడు రాని కొడుక్కు మోటారు సైకిలు ఇచ్చి కట్ట మీదకు పంపే తల్లులకు ఒక మాట. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.

ఎవరైనా పడిపోతే గబుక్కున రెక్క పట్టి లేపకండి. బహిష్టులు ఆగిన తర్వాత ఆడవాళ్ళ ఎముకల బలం తగ్గుతుంది. ఎక్కడ నొప్పి ఉందో అడగండి. కాలు మోపలేకపోతే నడిపించవద్దు, 108కి ఫోను చేయండి. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని భయం వద్దు. మంచి మనసుతో ఆదుకున్నవారికి అదే 2019 సవరణ రక్షణ ఇచ్చింది.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సైకిళ్ళ కోసమే 23 కిలోమీటర్ల బాట తెరిచారు. పైన సోలారు పలకల నీడ కూడా ఉంది. మన చెరువు కట్టకు అంత వెడల్పు ఎక్కడిది? ఇక్కడ ఒకరికొకరం దారి ఇచ్చుకోవలసిందే. బతుకమ్మ నాడు తలమీద పూలు ఎత్తుకుని వందలమందిమి అదే కట్ట మీద నడుస్తాం. అప్పుడు ముందు నడిచే ముసలమ్మను తొందరపెట్టం గదా! ఆ ఓపిక మిగతా రోజుల్లోనూ ఉండాలి.

మా అత్తమ్మ చెయ్యి అతుక్కుంది, భయం మాత్రం పోలేదు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని, కట్టకు పోయే తన జతవాళ్ళను చూస్తూ ఉంటుంది. “నేను వెంట వస్తాను, పదండి అత్తమ్మా” అంటే, “ఎన్కనుంచి ఎవరొస్తరో ఏమో బిడ్డా” అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మనమందరం కలిసి చెప్పవలసిన జవాబు అది. ఈ సాయంత్రం మీ పిల్లల సైకిలు బ్రేకులు ఒకసారి పట్టి చూడండి. బెల్లు ఎప్పుడు కొట్టాలో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

సెలవు.